రోహిణి కార్తెలో లెక్కపెట్టండి

జులై వచ్చిందంటే ఆదివారం పొద్దున్నే తిరుపతి నుంచి బస్సులు పల్లెలకు బయల్దేరతాయి. కాలేజీ పిల్లలు, బ్యాంకు ఉద్యోగులు, వాకింగ్ క్లబ్బుల పెద్దమనుషులు. జేసీబీ ముందురోజే గుంతలు తవ్వి పెట్టి ఉంటుంది. మొక్క పెట్టి, మట్టి తొక్కి, ఫొటో దిగి, టిఫిన్ చేసి పది గంటలకల్లా తిరుగు ప్రయాణం. మర్నాడు ఆ ఫొటో మా పత్రిక జిల్లా పేజీలో వస్తుంది. ఆ తర్వాత ఆ మొక్క సంగతి వాళ్లు అడగరు, మేమూ అడగం.

సెలవురోజు నిద్ర మానుకుని పరాయి ఊరికి వెళ్లి చేతులకు మట్టి చేసుకునేవాళ్లను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. వాళ్ల కష్టం వృథా పోతోందన్నదే మా బాధ. చంద్రగిరి దాటి గుట్టల వైపు వెళ్తే ఇలా నాటిన జాగాలు ఎన్నో కనిపిస్తాయి. ట్రీగార్డు నిటారుగా ఉంటుంది, దాత పేరున్న రేకు మెరుస్తుంటుంది, లోపల ఎండుపుల్ల. ఆ పుల్లను లాగితే చాలాసార్లు నల్ల పాలిథిన్ కవరుతో సహా ఊడొస్తుంది. కవరు చింపకుండానే పాతేశారన్నమాట. వేరు బయటకు పోయే దారిలేక, సంచిలోనే చుట్టలు చుట్టుకుని ఎండిపోయింది.

కవరు చింపమని ఒకసారి చెబితే సరిపోతుంది. అసలు చిక్కు నెలతో వచ్చింది. కేంద్ర మంత్రిగా కె.ఎం.మున్షీ 1950లో వనమహోత్సవం మొదలుపెట్టినప్పటి నుంచి మొక్కలు నాటడమంటే జులై అయిపోయింది. నైరుతి రుతుపవనాలే ఆధారమైన చోట్ల ఆ లెక్క సరైనదే. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకు మాత్రం ఏడాది వానలో దాదాపు సగం ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. జులైలో మనకు పడేవి ఎక్కువగా సాయంత్రపు ఉరుముల జల్లులు. తెల్లారితే మళ్లీ ఎండ, పొడిగాలి. హస్త, చిత్త కార్తెల్లో, అంటే అక్టోబరులో నాటితే నేలలో తడి నెలల తరబడి నిలుస్తుంది, వేసవి వచ్చేసరికి వేరు కాస్త లోపలికి దిగి ఉంటుంది. చేను చేసేవాళ్లను ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు. క్యాలెండరులో తేదీ మారాలంటే జీవో కావాలేమో గానీ, స్వచ్ఛంద సంస్థకు అక్కర్లేదు కదా.

తర్వాతి మాట నీళ్లు. ఒక మొక్కకు వారానికి 10 లీటర్ల చొప్పున ఫిబ్రవరి నుంచి జూన్ దాకా 20 వారాలు పోస్తే 200 లీటర్లు. వెయ్యి మొక్కలకు 2 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకరు 40 సార్లు రావాలి. ఇది ఒక్క వేసవికే. ఇలాంటివి కనీసం మూడు వేసవులు గట్టెక్కాలి. కరవు ఏళ్లలో ట్యాంకర్లు కొని మామిడితోటను బతికించుకున్న రైతులున్న జిల్లా ఇది, ఈ లెక్క ఇక్కడెవరికీ కొత్త కాదు. అందుకే వెయ్యి అనుకునేవాళ్లు యాభైతో ఆగండి. మిగిలిన డబ్బుతో ఆ ఊళ్లోనే ఒకరికి నెలజీతం ఇచ్చి పాదులు చేయించండి, నీళ్లు పోయించండి, ముళ్లకంప కట్టించండి. జీవాలు తోలుకునేవాళ్లతో ముందే కూర్చుని మాట్లాడండి. మేకలను తిట్టడం తేలికే, కానీ వాటి మేతబీడులోనే గుంతలు తవ్వింది మనం.

ఏ మొక్క అన్నదీ ఊరినే అడగాలి. నర్సరీలో చవగ్గా దొరికిందని తురాయి తెచ్చి నాటితే, పెద్దదయ్యాక గట్టి గాలివానకు కొమ్మలు విరిగి రోడ్డు మీద పడుతుంది. పొలం గెనిమ (గట్టు) మీద కానుగ ఉంటే ఆకు కొట్టి ఎరువుగా కయ్యలో తొక్కుకుంటారు. చింతమాను ఊరికి నీడా ఇస్తుంది, పులుసూ ఇస్తుంది. సీతాఫలం ఆకును మేక ముట్టదు. తనకు పనికొచ్చే చెట్టును ఊరు కొట్టుకోదు.

ఇక శేషాచలం కొండల్లోకి విత్తన బంతులు, అంటే విత్తనం పెట్టి చుట్టిన మట్టి ఉండలు, విసిరే సరదా. రాళ్ల మీద పడిన విత్తనంలో ఎంత మొలుస్తుందో, మొలిచిందాంట్లో ఎంత మిగులుతుందో విసిరినవాళ్లే వెళ్లి చూసుకోవాలి. ఆ అడవికి మనం విత్తనం ఇవ్వాల్సిన పనిలేదు. ఎర్రచందనం నరికిన మొద్దు నుంచి కూడా చిగురేస్తుంది. దానికి కావలసింది నిప్పు దూరంగా ఉండటం. 2014 మార్చిలో తిరుమల కొండల్లో అడవి అంటుకుంటే ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చింది. అటవీశాఖ అనుమతి తీసుకుని, మాఘమాసంలోనే ఎండుగడ్డి కోసి అగ్గిబాటలు (మంట పాకకుండా అడవిలో వదిలే ఖాళీ దారులు) శుభ్రం చేసే పనికి నలుగురు వెళ్తే అంతకు మించిన సేవ లేదు. ఫొటోలో మాత్రం అంత బాగా రాదు, నిజమే.

ఫొటోల విషయంలో మా తప్పూ ఉంది. ఎన్ని నాటారో రాశాం, ఎన్ని బతికాయో ఎప్పుడూ రాయలేదు. ఈసారి నాటే కార్యక్రమాల ఫొటోలు తగ్గిస్తాం. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, అంటే మే ఆఖరున, మీరు నిరుడో అంతకు ముందో నాటిన చోటుకే మళ్లీ వెళ్లండి. పచ్చగా ఉన్నవెన్నో లెక్కపెట్టి, నీళ్లు పోసినవాళ్లను పక్కన నిలబెట్టి ఫొటో తీసి పంపండి. వందలో ఇరవయ్యే మిగిలినా సరే, ఆ అంకెతోనే వేస్తాం.