ఫ్రేమ్‌లో లేనివాళ్ల సంగతేమిటి?

నాజీ పార్టీ సభల మీద తీసిన ప్రచార సినిమా 'ట్రయంఫ్ ఆఫ్ ద విల్' ముక్కలు మళ్లీ ఫోన్లలో తిరుగుతున్నాయి. మబ్బుల్లోంచి దిగే హిట్లర్ విమానం, బారులు తీరిన జెండాలు, చేతులు చాచిన జనం. దేశమంటే ఇలా ఒక్క తాటిమీద ఉండాలని మెచ్చుకునేవాళ్లూ తయారయ్యారు. ఆ మెప్పే మమ్మల్ని కలవరపెడుతోంది.

దర్శకురాలు లెనీ రీఫెన్‌స్టాల్ పనితనం గొప్పదని, సినిమా నేర్చుకునేవాళ్లు చూసి తీరాలని కొందరి వాదన. చూడనివ్వండి. కానీ ఆ పనితనం ఎవరిని దాచడానికి పనికొచ్చిందో కూడా చూడాలి కదా!

1934 సెప్టెంబరు, జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరం, నాజీ సభల మైదానం. 52 వేల మంది శ్రామిక దళం, భుజాన తుపాకుల్లా పారలు. "మిత్రమా, నీది ఏ ఊరు?" అని ఒక గొంతు అడుగుతుంది. ఒకడు బవేరియా అంటాడు, మరొకడు పొమరేనియా, ఇంకొకడు కోనిగ్స్‌బర్గ్. చివర్లో సార్‌లాండ్ పేరూ వస్తుంది. అప్పటికి సార్‌లాండ్ జర్మనీ చేతిలోనే లేదు, జర్మనీలో కలవాలా వద్దా అన్న ప్రజాభిప్రాయ సేకరణ ఇంకా నాలుగు నెలల దూరంలో ఉంది. అయినా తెరమీద కలిపేసుకున్నారు. ఆపైన అన్ని గొంతులూ ఒక్కటై 'ఒకే జాతి, ఒకే నాయకుడు, ఒకే రాజ్యం' అంటాయి. చూస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది. పులకరించాలనే తీశారు.

ఆ వరుసలో యూదు కుర్రాడిని ఊరేదని ఎవరూ అడగలేదు. అతనిదీ బవేరియానే కావచ్చు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ తరఫున పోరాడిన యూదులు దాదాపు లక్ష మంది, ప్రాణాలిచ్చినవాళ్లు 12 వేల మంది. వాళ్లకు ఈ ఐక్యతలో చోటు లేదు. సినిమా విడుదలై ఆరు నెలలు తిరక్కుండానే, 1935 సెప్టెంబరు 15న, అదే నగరంలో వాళ్ల పౌరహక్కులు లాక్కునే చట్టాలు చేశారు. ఫ్రేమ్‌లో ముందే లేనివాళ్లను చట్టం తర్వాత తీసేసింది.

సొంత మనుషులకైనా చోటుందా? 1933 నాజీ సభల మీద రీఫెన్‌స్టాలే తీసిన సినిమాలో హిట్లర్ పక్కన నాజీ పార్టీ దళం ఎస్‌ఏ అధిపతి ఎర్న్‌స్ట్ రోమ్ నడుస్తాడు. 1934 జూన్ 30న హిట్లర్ మొదలెట్టిన ఊచకోతలో రోమ్‌ను చంపించారు, ఆ సినిమానూ మాయం చేశారు. ఆ నెత్తురు తడి ఆరకముందే కొత్త సినిమాకు కెమెరాలు బిగించారు. ఎవరు కనిపించాలో, ఎవరు కనిపించకూడదో తేల్చాకే ఐక్యత చూపించారు.

'ట్రయంఫ్ ఆఫ్ ద విల్' ఉన్నదున్నట్టు తీసిన చరిత్రేనని రీఫెన్‌స్టాల్ బతికినంత కాలం అంటూనే ఉంది. కానీ అందులోని కొందరు నాయకుల ప్రసంగాలను తర్వాత స్టూడియోలో సెట్ వేసి మళ్లీ తీశారని హిట్లర్ వాస్తుశిల్పి ఆల్బర్ట్ స్పీర్ తన జ్ఞాపకాల్లో రాశాడు.

'మనం' ఎవరో చెప్పడం అయ్యాక 'వాళ్లు' ఎవరో చెప్పడం ఎంతసేపు? 1940లో యూదుల మీద ద్వేషం రేపే నాజీ సినిమా 'యూద్ స్యూస్' వచ్చింది. నాజీల సాయుధ దళం ఎస్సెస్, పోలీసు బలగాలన్నీ దాన్ని చూసి తీరాలని వాటి అధిపతి హిమ్లర్ హుకుం జారీ చేశాడు.

నాజీ కాలం నాటి సుమారు 40 సినిమాలను జర్మనీలో ఇప్పటికీ ముందు వివరణ, తర్వాత చర్చ లేకుండా బయట వేయనివ్వరు. ఆ దెబ్బ తిన్న దేశం అంత జాగ్రత్త పడుతుంటే, మనవాళ్లు పాట తగిలించి వాట్సాప్‌లో పంచుతారా? కెమెరా కోణాల గురించి గంటసేపు పాఠం చెప్పేవాళ్లు, ఆ సెప్టెంబరు 15 గురించి ఐదు నిమిషాలు చెప్పలేరా?