చేప పట్టిన పట్టు

నగల డిజైను చదువుతున్నానంటే బరంపురంలో మా వాళ్ళకి అర్థమయ్యేది ఒక్కటే: పెళ్ళిళ్ళ సీజన్లో తరుగూ మజూరీ లేకుండా గాజులు చేయించిపెడతానని. అగరొత్తుల స్టాండ్లు, కుంకుమ భరిణెలు, పేపరు ఎగరకుండా పెట్టే బరువులు కూడా మా సిలబస్‌లో ఉన్నాయని చెబితే, దానికి నాలుగేళ్ళెందుకే అంటారు.

ఈ సెమిస్టర్లో మా ప్రాంతపు పనితనం ఒకటి తీసుకుని కొత్త వస్తువు చెయ్యాలి. కటక్ వెండి తారకసికి, అంటే సన్నటి వెండి తీగల అల్లికపనికి, 2024లో జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి పనేనన్న ముద్ర) వచ్చిందగ్గర్నుంచీ మా క్లాసులో ఎవర్ని కదిపినా తారకసే. వెండి రేటు చూసి నేను ఇత్తడికి దిగాను. గంజాం పిల్లని, మా జిల్లాలోనే బెల్లగుంఠ ఉంది. అక్కడి ఇత్తడి చేప చూసే ఉంటారు, ఒళ్ళంతా విడివిడి ముక్కలు, తోక పట్టుకుని ఎత్తితే మెలికలు తిరుగుతుంది. దాన్నే వేలెడంత చేసి గొలుసుకి వేలాడే లాకెట్టు చేశాను. బాగా వచ్చింది. నేను చెప్పుకోవడం కాదు, మా నాన్న కూడా అన్నాడు.

చిక్కల్లా పొలుసుల దగ్గర. పలచటి రేకుని కత్తెరతో కోస్తే అంచున సన్నటి ముల్లు లేస్తుంది. కంటికి ఆనదు, వేలికి తెలియదు, పట్టుపోగుకి మాత్రం తెలుస్తుంది. అది పోవాలంటే పొలుసులన్నీ ఉక్కు గోళీలూ సబ్బునీళ్ళూ ఉన్న డ్రమ్ములో వేసి గంటల తరబడి తిప్పాలి. డ్రమ్ము మా కాలేజీలో ఉంది. డ్రమ్ము ఉన్న గదికి తాళం ఉంది. తాళంచెవి స్టోరు ఆయన దగ్గరుంది. ఆయన చెవి తియ్యాలంటే హెచ్‌ఓడీ సంతకం పెట్టిన ఇండెంటు కావాలి. హెచ్‌ఓడీ సెమినారుకి వెళ్ళారు. ఆవిడ వచ్చి సంతకం పెట్టేసరికి స్టోరు ఆయన సెలవు పెట్టాడు, చెవి జేబులోనే పెట్టుకుని. లక్షలు పోసి కొన్న డ్రమ్ము, అడ్మిషన్ల బ్రోషర్లో ఫొటో కూడా వేశారు. తిరగడం మాత్రం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. సరే, చేత్తోనే ఎమెరీ కాగితం పట్టించాను. అన్ని పొలుసులకి చేత్తో ఎంతని పట్టిస్తాం?

ఇంకొకటి, యూజర్ టెస్టింగ్ ఫారం. చేసిన వస్తువుని నలభై దాటిన మనిషి ఎవరైనా, నిజమైన సందర్భంలో, కనీసం రెండు గంటలు పెట్టుకోవాలి. తర్వాత ఫారం నింపాలి. అందులో ఒక ప్రశ్న: ‘వస్తువు ద్వారా వాడుకరికి ఏర్పడిన అనుబంధాన్ని వివరించండి.’ ఐదు మార్కులు.

సందర్భం దొరికింది. అస్కా రోడ్డులో మా బావ కొత్తిల్లు, గృహప్రవేశం. వాడుకరి కూడా దొరికింది, బావ వాళ్ళమ్మ, మా మేనత్త. “ఏటే ఇది, మెళ్ళో చేపా? సత్యనారాయణ వ్రతం నాడు నీచు మెళ్ళో ఏసుకోమంటావా?” అంది. మత్స్యావతారం అత్తా అన్నాను. వేసుకుంది. కొక్కెం మీద నమ్మకం లేక వెనకాల నల్లదారంతో నాలుగు ముళ్ళు కూడా వేయించుకుంది.

ఇక్కడ వెండి కంచం సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పెళ్ళిలో ఆడపిల్లవారు, అంటే ఇచ్ఛాపురం వాళ్ళు, అల్లుడికి వెండి కంచం పెట్టారు. మా అత్త దాన్ని చేత్తో ఎత్తి చూసి, “జర్మన్ సిల్వరు కాదు కదా?” అంది. సరదాకే అన్నానని ఇప్పటికీ అంటుంది. జర్మన్ సిల్వర్లో వెండి రవ్వంత కూడా ఉండదు, రాగీ నికెలూ జింకూను. సరదా అక్కడితో ఆగితే బాగుణ్ణు, కంసాలి దగ్గరికి పట్టుకెళ్ళి గీటురాయి మీద గీయించింది కూడా. ఆ గీటు ఏం చెప్పిందన్న దానికి రెండు వైపులా రెండు కథలున్నాయి. మేలిమి వెండి మరీ మెత్తన, కంచం సొట్టలు పడకుండా నూటికి ఏడున్నర పాళ్ళు రాగి కలుపుతారు, 925 ముద్రంటే అదే అని కాలేజీలో చేరిన కొత్తలో నేను సర్దిచెప్పబోయాను. రెండు వైపుల వాళ్ళూ నన్నే కసిరారు. అప్పట్నుంచీ వియ్యపురాళ్ళిద్దరికీ మాటల్లేవు.

వ్రతం అయింది. ముత్తయిదువలకి బొట్టు పెట్టాలి. వియ్యపురాలిని వదిలేస్తే లోకం ఊరుకోదు, పెడితే మా అత్త అహం ఊరుకోదు. మధ్యే మార్గంగా, ఆవిడ మొహం వంక చూడకుండా గోడ మీది గడియారం వంక చూస్తూ పెట్టడానికి వంగింది. ఆవిడేమో కుర్చీలో నిటారుగా కూచుని ఫ్యాను వంక చూస్తోంది. కట్టుకున్నది బరంపురం పట్టు, అంచున గోపురాల వరస ఉండే ఫొడా కుంభా, పెళ్ళిలో మా వాళ్ళు పెట్టిన చీరే. మనం పెట్టిన చీర కట్టుకొచ్చిందంటే రాజీకొచ్చినట్టా, లేక “ఇదిగో మీరు పెట్టిన పాటి” అని పదిమందికీ చూపించడానికా అని పొద్దుట్నుంచీ వంటగదిలో ఒకటే చర్చ.

ఇప్పుడు కొంచెం మెకానిజం. చేప వంగితే వంపు పైవైపు పొలుసులు నోళ్ళు తెరుస్తాయి. తిన్నగా అయితే మూసుకుంటాయి. అందం అంతా అందులోనే ఉంది. మా అత్త వంగింది, చేప ఊగుతూ వెళ్ళి ఆవిడ భుజం మీద వాలి వంపు తిరిగింది, పొలుసులు తెరుచుకున్నాయి, పైట మడత లోపలికెళ్ళింది. మా అత్త బొట్టు పెట్టి లేచింది. చేప తిన్నగా అయింది.

లేచిన మా అత్త సగంలో ఆగిపోయింది. మెడ ముందుకి లాగేసరికి వియ్యపురాలే గొలుసు పట్టి లాగిందనుకుంది. ఆవిడేమో తన పైట లాగుతున్నది మా అత్తే అనుకుంది. ఇద్దరికీ మాటల్లేవు కనక ఇద్దరూ అడగరు. అలా ఒకరి మొహాన ఒకరు ఊపిరి వదులుకుంటూ, ఒకరు గడియారాన్నీ ఒకరు ఫ్యాన్నీ చూస్తూ ఉండిపోయారు. ఆ పోజు చూసి వీడియో తీసే కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. “అలాగే ఉండండమ్మా, కొంచెం నవ్వండి” అన్నాడు.

విషయం నాకు ముందు అర్థమైంది. దగ్గరికెళ్ళి చూస్తే ఉడుంపట్టు. మూడు పొలుసులు పైటని కరుచుకుని ఉన్నాయి. అంచున ఉన్న ముల్లుకి పోగొకటి చుట్టుకుని ఉంది. నిజానికి విడిపించడం చాలా సులువు. చేప మళ్ళీ వంపు తిరగాలి, అంతే. అందుకు ఇద్దరిలో ఒకరు ఇంకాస్త దగ్గరికి వంగాలి.

“నేనెందుకు వంగాలి?” అంది వియ్యపురాలు, నాతో.

“ఒకసారి వంగాను కదా, చాలు” అంది మా అత్త, అదీ నాతోనే.

ఆ తర్వాత సలహాలు. ఒకరు కొబ్బరినూనె అన్నారు. పంతులుగారు మంచి ఘడియ దాటలేదు, కంగారు పడొద్దన్నారు. మా నాన్న, ఇంట్లో ఇంత చదువుకున్న పిల్లుండగా మనకేం భయం అని నా వంక చూసి, వంటవాళ్ళ దగ్గర్నుంచి కత్తెర పట్టుకొచ్చాడు. “చీర జోలికొస్తే ఊరుకోం!” అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి మాట్లాడిన మొదటి మాట అదే. పోనీ చేపని కోద్దామన్నాడు. అప్పుడు నేను అరిచాను. గంజాన్ని 1936లో మద్రాసు నుంచి తీసి ఒడిశాలో కలిపినప్పుడు కూడా విడదీయడానికి ఇంత గొడవ జరిగి ఉండదు.

చివరికి మా అత్త మెడ వెనకాల నల్లదారం ముళ్ళు బావ పళ్ళతో కొరికాడు. గొలుసు ఊడింది. మా అత్త విడుదలైంది. చేప మాత్రం గొలుసుతో సహా వియ్యపురాలి భుజాన్నే ఉండిపోయింది. నేను తీస్తానండీ అని చెయ్యి చాపాను. “వద్దమ్మా, మీ చేతి పని చూశాను కదా. ఇంటికెళ్ళి నిదానంగా తీయించుకుంటాను” అని, విస్తరి ముందైనా కూచోకుండా, భుజం మీద చేపతో కారెక్కి ఇచ్ఛాపురం వెళ్ళిపోయింది. వీడియో కుర్రాడు కారు మలుపు తిరిగేదాకా తీశాడు. వియ్యపురాళ్ళు తలకి తల ఆనించుకున్న ఫొటో సాయంత్రానికి చుట్టాల గ్రూపులో వచ్చింది, కింద దండాలు, గులాబీలు.

నాకు సోమవారం జ్యూరీ, అంటే చేసిన వస్తువు చూసి మార్కులేసే రోజు. వస్తువు లేకుండా ఫారం చూపిస్తే ఒప్పుకోరు, అడిగాను. వస్తువు పోతే పోయిందని రాసిచ్చే ఫారం వేరే ఉందట, దానికీ హెచ్‌ఓడీ సంతకం కావాలట. అత్తని ఫోన్ చెయ్యమంటే, “కంచం గురించి ముందు ఆవిడ మాట్లాడాలి” అంటుంది. వదిన, అంటే బావ భార్య, ఇద్దరమ్మల మధ్య నలిగి ఎవరి ఫోనూ ఎత్తడం మానేసింది.

నిన్న రాత్రి ఇచ్ఛాపురం నుంచి కబురు వచ్చింది. చేప ఊడిందట. పంపడానికి వాళ్ళకేం అభ్యంతరం లేదట. కాకపోతే ముందు దాన్ని కంసాలి దగ్గరికి పట్టుకెళ్ళి, అసలు ఇత్తడేనా కాదా అని గీటురాయి మీద గీయించి చూస్తారట.