జానెడు పైకి

మొన్న తిరుపతి గంగమ్మ జాతరలో ఎనిమిది అడుగుల దూరంలో ఉన్న బుడగని కాల్చబోయి ట్యూబ్‌లైట్ పగలగొట్టాను. మూడు రోజులైంది. ఇంట్లో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

తప్పు మా బామ్మర్దిది. జాతరకని చిత్తూరు నుంచి వచ్చి, రెండు రాత్రులు మా సోఫాలో పడుకుని విదేశీ వేట వీడియోలు చూశాడు. మన దగ్గర 1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చాక వేట అంటే జైలే. మా ఇంట్లో కాల్చేవి అప్పడాలు మాత్రమే. అయినా వాడికి ఒకటే సందేహం. "బావా, వేట తుపాకీలో గుండు ఎంత స్పీడుగా పోతే అంత మంచిదేనా?"

నేను డిగ్రీలో ఫిజిక్సు చదివినవాణ్ణి. అడిగాక ఊరుకుంటానా? వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుందని మొదలుపెట్టాను. 1935లో వచ్చిన టూ ట్వంటీ స్విఫ్ట్ తూటా సెకనుకు 4000 అడుగులు దాటినా, గుండు మరీ తేలిక కాబట్టి చిన్న జంతువులకే సరి అన్నాను. అదే 1906 నాటి థర్టీ-ఆట్-సిక్స్ తూటా అయితే 180 గ్రెయిన్ల, అంటే దాదాపు పన్నెండు గ్రాముల గుండుతో, 2700 అడుగుల వేగంతోనే గుర్రమంత ఎల్క్ దుప్పిని పడగొడుతుంది. గుండు బరువు, దాని తయారీ, తగిలే చోటు చూసుకున్నాకే స్పీడు. స్పీడు ఎక్కువైతే గుండు దారిలో కిందికి దిగడం తగ్గుతుంది, అదొక లాభం అన్నాను. ఈ చివరి ముక్కే నా కొంప ముంచింది.

జాతరలో బుడగల అంగడి కనిపించగానే బామ్మర్ది ఇరవై రూపాయలు కట్టేసి ఎయిర్‌గన్ నా చేతిలో పెట్టాడు. "ఇప్పుడు చూపించు బావా."

చూశాను. తుపాకీ మడమకి సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. అంటే పాతది. లోపల స్ప్రింగు సడలి ఉంటుంది. సడలితే స్పీడు తక్కువ. స్పీడు తక్కువైతే గుండు కిందికి దిగుతుంది. కాబట్టి పైకి గురిపెట్టాలి. ఎంత పైకి? ఇక్కడే ఆలోచనలో పడ్డాను.

ఆ రోజు బండవేషం. తిరుపతి వాళ్లకి చెప్పక్కర్లేదు, ఒంటినిండా కుంకుమ పూసుకుని నోటికొచ్చినట్టు తిట్టే రోజు. తిడితే అమ్మవారికి మొక్కు, పడ్డవాళ్లు నొచ్చుకోకూడదు. నా వెనక తిట్లు జోరుగా పడుతున్నాయి. అవి గంగమ్మకా, లేక పది నిమిషాలుగా ట్రిగ్గరు నొక్కని నాకా అన్నది తేల్చుకోలేకపోయాను. ఒకాయన తిట్టులో 'కళ్లద్దాలోడు' అన్న మాట వినబడింది. ఆచారంలో కళ్లద్దాల ప్రస్తావన ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు. అయినా భక్తే అనుకుని ఓర్చుకున్నాను. మధ్యలో గాలి ఎటు వీస్తోందో చూద్దామని వేలు తడిపి పైకెత్తాను కూడా. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడొద్దని చెప్పాను. మాట్లాడుతున్నారు.

చివరికి జానెడు పైకి గురిపెట్టి కాల్చాను.

చీకటి.

అంగడివాడు మూడొందలు అడిగాడు. ఆ లైటు అప్పటికే మిణుకుమిణుకుమంటోంది, నేను కాల్చకపోయినా తెల్లారేలోపు పోయేదే. పైగా బుడగలన్నీ సగం గాలితో వడలిన వంకాయల్లా ఉన్నాయి. గుండు తగిలినా పక్కకి ఒరిగి దారి ఇస్తాయే గానీ పగలవు. ఇది మోసం కాదా అని గట్టిగానే అడిగాను.

"సార్, మీరు బుడగని కాల్చలేదు కదా" అన్నాడు.

ఇంతలో కుంకుమ పూసుకున్న ఎనిమిదేళ్ల కుర్రాడొకడు, బామ్మర్ది ఫోను వెలుగులో, నాకు మిగిలిన గుండ్లతోనే రెండు బుడగలు టపటపా పేల్చాడు. వడలిన వంకాయలే.

రాత్రి నిద్రపట్టక లెక్క వేశాను. గుండు సెకనుకు 400 అడుగులే పోయిందనుకున్నా, ఎనిమిది అడుగులు దాటేలోపు కిందికి దిగేది రెండు మిల్లీమీటర్లు. నువ్వుగింజంత. ఈ లెక్క చెబుదామని తెల్లారి ఫ్యామిలీ గ్రూపు తెరిస్తే, బామ్మర్ది అప్పటికే వీడియో పెట్టేశాడు. కింద రాశాడు: "ట్యూబ్‌లైటే ట్యూబ్‌లైట్‌ని కాల్చింది."

మొదటి లైకు మా ఆవిడది.