గ్రంథాలయ పన్ను గారికి ఒక బెజవాడ పాఠకుడి విన్నపం

మహారాజశ్రీ గ్రంథాలయ పన్ను గారి సముఖానికి,

ఆరు నెలలకొకసారి మా గుమ్మంలోకి వచ్చే ఇంటి పన్ను నోటీసులో, ఎవరి కంటా పడకుండా ఒక మూల ఒదిగి కూర్చునే తమరికి, బెజవాడ వాస్తవ్యుడైన ఒక ముసలి పాఠకుడు నమస్కరించి రాసుకునే విన్నపం. తమరి లెక్క నాకు కంఠతా వచ్చు: ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. మొన్నటి అర్ధ సంవత్సరానికి నా పన్ను 3,500 రూపాయలు కాగా, తమరి వాటా కింద 280 రూపాయలు సమర్పించుకున్నాను. డబ్బు పోయిందని ఏడవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పఠన మందిరాలు చిక్కిపోతున్న కొద్దీ తమరు నిగనిగలాడుతూ ఒళ్ళు చేస్తున్న వైనం చూసి, అభినందించకుండా ఉండలేక రాస్తున్నాను.

తమరు పుట్టక ముందే ఈ ఊళ్ళో గ్రంథాలయాలు ఉండేవన్న సంగతి తమరికి ఎవరైనా చెప్పారో లేదో. 1888లో మునిసిపాలిటీ వచ్చి, కాలువల పుణ్యమా అని, రైలు జంక్షను పుణ్యమా అని బెజవాడ అప్పుడప్పుడే పట్నం పోకడలు పోతున్న రోజుల్లో, 1914 ఏప్రిల్ 10న, రామమోహన గ్రంథాలయం వారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ ఇక్కడే జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు. రేచీకటితో బాధపడిన ఆ మహానుభావుడికి ఊరూరా గ్రంథాలయం ఉండాలన్న సంగతి స్పష్టంగానే కనిపించింది. అయ్యంకి వెంకటరమణయ్య గారైతే ఈ పిచ్చిలోనే జీవితమంతా గడిపారు. ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రికను నడిపారు. 1919 నవంబరు 14న మద్రాసులో జరిగిన అఖిల భారత గ్రంథాలయ మహాసభ కోసం శ్రమించారు. ఏటా ఆ తేదీన మొదలయ్యే గ్రంథాలయ వారోత్సవాలు కేవలం నెహ్రూ గారి పుట్టినరోజు కోసమేనని వేదిక మీది వక్తలే అనుకుంటూ ఉంటారు. అనుకోనివ్వండి. ఎవరి పేరు చెప్పుకుని అయితేనేం, ఆ వారం రోజులు బీరువాల తాళాలు తీస్తారు.

1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామాల మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. పొలానికి నీరు వెళ్ళే దారినే పుస్తకం కూడా వెళ్ళి, గట్టు మీద ఉన్నవారిని పలకరించేది. ఆ పడవకు తమరి అండ లేదు, అయినా మునగలేదు.

అయితే న్యాయం న్యాయంగా చెప్పుకోవాలి. తమరు పిలవని పేరంటానికి వచ్చినవారు కారు. చందాల మీద బతికే సంస్థ దాత కన్నుమూసిన మర్నాటి నుంచే నీరసించిపోతుందని అనుభవం మీద గ్రహించిన పెద్దలు, స్థిరమైన రాబడి ఉండాలని పోరి, తమరిని కోరి తెచ్చుకున్నారు. 1948 నాటి మద్రాసు చట్టం, ఆ తర్వాత 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం తమరి జాతకాన్ని రాశాయి. చిక్కల్లా ఎక్కడంటే, తమరిని వసూలు చేసేది స్థానిక సంస్థ, ఖర్చు పెట్టవలసింది జిల్లా గ్రంథాలయ సంస్థ. మా గుమ్మం నుంచి బయలుదేరిన తమరు ఆ మొదటి మజిలీలోనే కాళ్ళు చాపుకుని విశ్రమించే అలవాటు చేసుకున్నారని, బకాయిల కోసం రెండో వారు మొదటి వారికి ఉత్తరాలు రాస్తూనే ఉంటారని పత్రికల్లో తరచుగా చదువుతుంటాను. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించలేదంటే ఇదే కాబోలు.

తమరు సవ్యంగా నడిచిన రోజులు కూడా నేను చూశాను. మా పేట శాఖా గ్రంథాలయం మూడు గదుల పెంకుటింట్లో, అద్దెకు ఉండేది. ముందు గదిలో పొడుగాటి బల్ల, దాని మీద దినపత్రికలు. వచ్చిన పత్రికను నలుగురైదుగురు ముందే కాగితాల వారీగా పంచుకునేవారు. సంపాదకీయం ఎప్పుడూ ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారిది, సినిమా ప్రకటనల కాగితం మా వంటి కుర్రకారుది. మధ్య పేజీ ఒకరి దగ్గర, దాని కొనసాగింపు మరొకరి దగ్గర ఉండటంతో, సగం వార్త చదివినవాడు మిగతా సగం కోసం ఎదుటివాడి ముఖంలోకి చూస్తూ కూర్చోవలసి వచ్చేది. తలుపు పక్కన ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న రేకు బోర్డు ఉండేది గాని, దాని కిందే రాజకీయాలు మాట్లాడుకునేవారు. లోపలి గదిలో లైబ్రేరియన్ గారు ఊదారంగు సిరా అద్దిన స్టాంపును పుస్తకం చివరి చీటీ మీద ఠపీమని కొట్టే చప్పుడు వినిపిస్తే, ఎవరో ఇంటికి నవల పట్టుకెళుతున్నారని అర్థం.

సాయంత్రం ఆరయ్యేసరికి పార్కులో మునిసిపాలిటీ రేడియో అందుకునేది. వార్తలయ్యాక మేము గాంధీనగరంలో హనుమంతరాయ గ్రంథాలయానికి నడిచేవాళ్ళం. పేరుకు గ్రంథాలయమే గాని, ఊరికి అది నాటకశాలగానే ఎక్కువ తెలుసు. చదవడానికి వెళ్ళినవాడు నాటకం చూసి రావడం, నాటకానికి వెళ్ళినవాడు సాహిత్య సభలో ఇరుక్కుపోవడం మామూలే. తిరుగు దారిలో ఏలూరు రోడ్డు మీద పుస్తకాల దుకాణాల ముందు, కొనే స్తోమత లేకపోయినా, కాసేపు నిలబడేవాళ్ళం.

1981లో మునిసిపాలిటీ కాస్తా కార్పొరేషన్ అయింది. జనాభా పది లక్షలు దాటింది. ఒక్కొక్క పెంకుటిల్లూ కూలి ఐదంతస్తులుగా లేస్తోంటే, ఒక్క తమరికి పండగ. ఒక ఇంటి నుంచి వచ్చే ఎనిమిది పైసలు ఇరవై ఇళ్ళ నుంచి వస్తున్నాయి మరి. మా శాఖా గ్రంథాలయం ఉన్న ఇంటిని కూడా యజమాని బిల్డరుకు ఇచ్చేశాడు. పుస్తకాలను గోనె సంచుల్లో కట్టి ఎక్కడికో తరలించారు. ఆ స్థలంలో లేచిన అపార్ట్‌మెంటు ఈనాడు, నెల తప్పినా తేదీ తప్పినా, గ్రంథాలయ పన్ను మాత్రం తప్పకుండా కడుతోంది. గ్రంథాలయం ఇల్లు ఖాళీ చేసి మరీ తమరికి ఇంత మేలు చేస్తుందని 1914 సభలో ఎవరూ ఊహించి ఉండరు.

ఇక అసలు విషయానికి వస్తాను. మొన్న బీరువా సర్దుతుంటే ఆ గ్రంథాలయం నవల ఒకటి బయటపడింది. చీటీ మీద గడువు 1978 జూన్ 9 అని ఉంది. పట్టుకుని వెళితే వాచ్‌మన్ అట్ట చూసి, “ఏ ఫ్లాటు వాళ్ళకు సార్?” అని అడిగాడు. ఆలస్య రుసుము రోజుకు ఐదు పైసల చొప్పున లెక్క కడితే ఎనిమిది వందల యాభై రూపాయలు దాటింది. నేను కట్టిన నాలుగు అర్ధ సంవత్సరాల తమరి వాటా 1,120 రూపాయలు. రుసుము మినహాయించుకుని, మిగిలినది నా పేర జమ చేసి, పుస్తకం ఎక్కడ అప్పగించాలో చెప్పగలరు. రసీదు మీద ఊదారంగు స్టాంపు వేయించగలిగితే మరీ సంతోషం.

ఇట్లు,
తమ విధేయుడు,
సభ్యత్వ సంఖ్య 412