కోతులున్న ఊరికి జాంబీలెందుకు?

మా అక్క కొడుకు బీటెక్ అయిపోయి ఏడాదైంది. ముగ్గురు దోస్తులతో కలిసి నయీంనగర్‌లో గది అద్దెకు తీసుకుని జాంబీల వీడియో గేమ్ తయారుచేస్తున్నాడు. చచ్చినవాళ్లు లేచి వచ్చి బతికున్నవాళ్లను కరుస్తుంటారు, మిగిలినవాళ్లు ఎలాగోలా బతకాలి, ఇదీ కథ. ఇట్లాంటి ఆటలు అంగట్లో గొర్రెల్లా ఉన్నాయి కాబట్టి తమది మందలో వేరుగా కనబడాలంటే ఏం చేయాలో చెప్పమని మొన్న ఆదివారం నా దగ్గరికి వచ్చాడు. నేను ముప్పై ఏళ్లు ఆఫీసులో ఫైళ్లు చూసి రిటైరైన మనిషిని. ప్రాణం లేకుండా కదిలేవాటి గురించి నాకు కాస్త అనుభవం ఉందని వాడి నమ్మకం.

"మామా, మా దాంట్ల నలభై రకాల జాంబీలుంటయి, అరవై రకాల తుపాకులుంటయి" అన్నాడు.

"హన్మకొండల తుపాకి ఏ దుకాణంల దొరుకుతదిరా?" అన్నాను.

వాడు తల గోక్కున్నాడు. ఆ మాటతోనే నేను నిపుణుడినైపోయాను. వారం రోజులు ఆటలన్నీ నాతో ఆడించాడు. బాధ్యత గల పౌరుడిగా నా పరిశీలనలు ఇక్కడ పెడుతున్నాను.

ప్రాజెక్ట్ జాంబాయిడ్ అని ఒకటుంది. 1993లో అమెరికాలోని కెంటకీలో జరుగుతుంది. 'నువ్వు చచ్చిపోయింది ఇట్లా' అని ముందే చెప్పి ఆట మొదలుపెడతారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. నేను పగిలిన కిటికీలోంచి దూరబోయి చెయ్యి కోసుకుని పావుగంటలో పోయాను. అందులో తుపాకి పేలిస్తే ఆ చప్పుడుకు వీధి వీధంతా కదిలొస్తుంది, దానికంటే వంటింటి పెనం నయం. ఇక మొదటి నెల లోపు ఎప్పుడో ఒకప్పుడు కరెంటు పోతుంది, నల్లా ఆగిపోతుంది. కెంటకీ వాళ్లకు అది ప్రళయం. మా వీధిలో దాన్ని ఏప్రిల్ అంటారు. రెండోసారి ఆడినప్పుడు జాంబీల జోలికి పోకుండా ముందు ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నీళ్లతో నింపాను. "నీకెట్ల ఎరుక మామా?" అని పిల్లవాడు నోరు తెరిచాడు. బిందె పట్టుకుని నల్లా దగ్గర నిలబడ్డ తరానికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

అదే ఆటలో జలుబు చేస్తే తుమ్ము విని జాంబీలు వస్తాయి. ఇది చూడగానే నాకు ఎనుమాముల మార్కెట్ కళ్ల ముందు మెదిలింది. మార్చి నెల, యార్డు నిండా మిర్చి బస్తాలు, మనిషన్నవాడెవడూ వరుసగా రెండు మాటలు దగ్గకుండా మాట్లాడలేడు. పైకి చూస్తే దాక్కోవడానికి అంతకంటే మంచి జాగా లేదు. ఎత్తయిన షెడ్లు, అడ్డం పెట్టుకోవడానికి బస్తాలు, తరాలకు సరిపడా కారం. కానీ గంటలోపు దగ్గి దగ్గి మన అడ్రసు మనమే చెప్పేస్తాం. జాంబీకి ఊపిరే ఉండదు కాబట్టి దానికి ఘాటు తగలదు. ఇట్లాంటి ధర్మసంకటం పెట్టరా అంటే, వాడు అరవై ఒకటో తుపాకి బొమ్మ చూపించాడు.

లెఫ్ట్ ఫోర్ డెడ్ 2008లో వచ్చింది. అందులో కంటికి కనబడని డైరెక్టర్ ఒకడు ఉంటాడు, మనిషి కాదు, ప్రోగ్రాము. ఆడేవాళ్లు ఎంత టెన్షన్‌లో ఉన్నారో లెక్క కట్టి, కాసేపు ఊపిరి పీల్చుకోనిచ్చి, కుదురుకున్నారు అనగానే మందను వదులుతాడు. గొప్ప ఆవిష్కరణ అన్నారు. మా అక్కకు ఈ విద్య పుట్టుకతో వచ్చింది. కొడుకు ఛాయ్ గ్లాసు చేతికి తీసుకుని కాళ్లు చాపిన క్షణాన "పక్కింటి పిలగానికి జాబ్ అచ్చిందట" అంటుంది. ఒక్క సెకను ముందు కాదు, తర్వాత కాదు.

సంచి విషయంలోనూ అంతే. 1996 నాటి మొదటి రెసిడెంట్ ఈవిల్ ఆటలో మనం ఎంచుకునే ఇద్దరు పాత్రల్లో క్రిస్ 6 వస్తువులు, జిల్ 8 మాత్రమే మోయగలరు. ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి అన్నదే అసలు భయం. మా అక్క వీణ్ని హాస్టల్‌కు పంపేటప్పుడు ఒకే సంచిలో సకినాలు, మామిడికాయ తొక్కు, దుప్పటి, చిన్న కుక్కర్ పెట్టి, ఇంకా సందు ఉందని గరిజెలు కుక్కింది. అయినా సకినాన్ని మించిన ఆపద్ధర్మ ఆహారం ఏ కంపెనీ కనిపెట్టింది? వారాలు నిలవ ఉంటుంది, అవసరమైతే విసరొచ్చు.

ఒక సైనిక ఆటకు అతుకుగా 2012లో మొదలైన డే జడ్‌లో జాంబీల కంటే తోటి ఆటగాడితోనే ప్రమాదం. చేతులెత్తి అన్నా అంటూ వచ్చినవాడే మన బూట్లు కూడా విప్పుకుపోతాడు. గెట్టు పంచాయితీ ఉన్న ఏ రైతుకైనా ఇందులో వింత ఏమీ కనబడదు. సెవెన్ డేస్ టు డైలో ఆరు రోజులు గోడలు కట్టుకుంటే ఏడో రాత్రి మంద వస్తుంది. దీనికోసం పిల్లవాణ్ని వరంగల్ కోటకు తీసుకుపోయి మట్టికోట, కందకం, రాతికోట తిప్పి చూపించాను. ఢిల్లీ దండు ఒకసారి ముట్టడించి ఉత్త చేతులతో వెనక్కి పోయింది. ఇక రారనుకుని లోపల దాచిన ధాన్యం ఖాళీ చేశారంటారు. నెలలు తిరక్కుండా, 1323లో, మళ్లీ వచ్చారు. ఏడో రోజును మరిచిన ఆటగాళ్లు మనకు ఏడు వందల ఏళ్ల కిందటే ఉన్నారు.

ఇక అసలు సంగతి. 2015 నాటి డయింగ్ లైట్‌లో హీరో డాబాల మీద దూకుతూ పరుగెడతాడు. పిల్లవాడికి అదే కావాలట. హన్మకొండ డాబాలు ఖాళీగా ఎక్కడున్నాయి? అవి ఎప్పుడో కోతుల స్వాధీనంలోకి పోయాయి. జాంబీ తలుపును గుద్దుతుంది, కోతి గొళ్లెం తీస్తుంది. జాంబీ ఆకలితో వస్తుంది, కోతికి ఆకలి లేకున్నా తొక్కు జాడీ పగలగొడితేనే తృప్తి. జాంబీ అందరి మీదికీ ఒకే తీరుగా పడుతుంది, ఆ సమానత్వం మెచ్చుకోవాలి. కోతి మాత్రం ఎవరి చేతిలో కర్ర ఉంది, ఎవరికి మోకాళ్ల నొప్పి ఉంది చూసుకుని వస్తుంది. మా కాలనీలో కొండెంగ బొమ్మతో ఫ్లెక్సీ కట్టించారు. మొదటి వారం ఒక్క కోతి రాలేదు. రెండో వారం ఆ ఫ్లెక్సీ మీదనే కూర్చుని జామకాయలు తిన్నాయి. నలభై రకాల జాంబీలు పెట్టి, నలభైకి నలభై ఒకే రకంగా చేతులు చాచుకుని నడిస్తే ఏం లాభం? మన ఎత్తు తెలుసుకుని పైఎత్తు వేసే ఒక్కటి చాలు.

"అవన్నీ మెల్లగ పెడ్తం మామా, ముందుగాల ఎర్లీ యాక్సెస్‌ల ఇడుస్తం" అన్నాడు. అంటే సగం చేసి అమ్మడం. డే జడ్ అట్లా ఐదేళ్లుంది, సెవెన్ డేస్ టు డై 2013 నుంచి 2024 దాకా. నేను తప్పు పట్టలేదు. మా ఇంటికి గృహప్రవేశం అయి ఇరవై ఏళ్లు, పై అంతస్తు కోసం వదిలిన ఇనుప చువ్వలు ఇప్పటికీ ఆకాశం వైపే చూస్తున్నాయి.

నిన్న సాయంత్రం కంప్యూటర్ మా ఇంటికే తెచ్చి తన ఆట చూపించాడు. చీకటి సందు, దూరంగా మూలుగు, ఒకటి మెల్లగా ఇటు తిరిగింది. నా గుండె నిజంగానే దడదడలాడింది. సరిగ్గా అప్పుడే స్క్రీన్ నల్లబడింది.

"అబ్బ, ఇది మంచిగ పెట్టినవురా" అన్నాను.

"నేను పెట్టలే మామా. కరెంటు పోయింది."

"సేవ్ చేసినవా?"

వాడు మాట్లాడలేదు. పైన డాబా మీద దబ్బున ఏదో పడింది, ఆ వెంటనే ఇంకొకటి. అక్క పొద్దున ఆరబోసిన మిరపకాయలు గుర్తొచ్చి ఇద్దరం చెరో కర్ర అందుకుని మెట్లెక్కాం.