రైట్ డీబగ్గింగ్ ఇన్ఫర్మేషన్ పెట్టెలో పైన కూర్చున్న 'నన్' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'నన్' గారికి, అనగా కంప్యూటరు కూలితే ఏమీ రాసిపెట్టొద్దు అనే None ఆప్షను గారికి, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో జిరాక్సు, నెట్ సెంటరు నడుపుకుంటున్నవాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఉభయుల్లో మీరొక్కరే కుశలం అనుకోండి, మా మెషీను మాత్రం కౌంటర్లో జనం నిండినప్పుడే చూసుకుని మరీ కూలబడతంది.

మీరెక్కడుంటారో చాలామందికి తెలీదు కాబట్టి ముందు అడ్రస్ చెప్పేస్తా. రన్ బాక్సులో సిస్‌డీఎమ్ డాట్ సీపీఎల్ అని కొట్టి, అడ్వాన్స్‌డ్ ట్యాబులోకెళ్ళి, అడుగున స్టార్టప్ అండ్ రికవరీ దగ్గర సెట్టింగ్స్ నొక్కితే రైట్ డీబగ్గింగ్ ఇన్ఫర్మేషన్ అని ఓ చిన్న పెట్టె వస్తాది, దాన్ని కిందకి లాగితే అందరికన్నా పైన తమరు. తమ కింద స్మాల్, కెర్నల్, కంప్లీట్, ఆటోమేటిక్ అని ఎంతోకొంత పని చేసే బాపతు. ఏ పనీ చెయ్యనివాడు పై సీట్లో కూర్చోడం మాకేం కొత్త కాదులెండి, అందుకే ఎవరూ ఆశ్చర్యపోలేదు.

తెలీనివాళ్ళ కోసం మీ గొప్పతనం కొంచెం వివరంగా చెప్పాలి. విండోస్ చచ్చిపోయేటప్పుడు ఊరికే చావదు పాపం. లోపల ఏదో డ్రైవరు, అంటే ఒక్కో పరికరాన్నీ నడిపే చిన్న సాఫ్ట్‌వేరు, తనది కాని మెమరీలో చెయ్యి పెట్టిందనుకోండి, ఇంకా ముందుకెళ్తే ఉన్న ఫైళ్ళు కూడా పాడైపోతాయని తనే ఆగిపోద్ది, ఆగిపోయే ముందు ఆ క్షణంలో లోపల ఎవరెవరున్నారు, ఎవరు ఏం చేస్తన్నారు అన్నది మరణ వాంగ్మూలం లాగ రాసిపెట్టి పోద్ది. అదే డంపు ఫైలు. ఆ టైములో ఫైల్ సిస్టం మీద కూడా దానికి నమ్మకం ఉండదు, అందుకే మామూలుగా కొత్త ఫైలు తెరిచి సేవ్ చెయ్యకుండా, డిస్కు మీద ఎక్కడుందో ముందే గుర్తు పెట్టుకున్న పేజ్‌ఫైల్లోకి (ర్యామ్‌కి తోడుగా డిస్కు మీద ఉండే ఫైలు లెండి) నేరుగా దింపేస్తాది, మళ్ళీ ఆన్ అయ్యాక అక్కడ్నుంచి తీసి విండోస్ ఫోల్డర్లో మెమరీ డాట్ డీఎంపీ అని పెడతాది. చిన్నదైతే మినీడంప్ ఫోల్డర్లో తేదీ వేసి మరీ దాస్తాది. ఇంత ఏర్పాటునీ తమరు ఒక్క మాటతో తీసి పక్కన పెట్టేస్తారు చూడండీ, అది మామూలు విషయమా.

మీరు లేకపోతే మా మెకానిక్ గుంటడి గతేం కాను? బంగారం లాంటోడు, ఫోన్ చేస్తే చాలు టీ కూడా అడక్కుండా వస్తాడు. వచ్చి స్క్రీను చూడకుండానే, "ఏటి బావా మళ్ళీ పోనాదా? ఫార్మాట్ కొట్టీద్దుం" అంటాడు. ర్యామ్ పోయినా ఫార్మాటే, డ్రైవరు పాడైనా ఫార్మాటే, ఎస్‌ఎస్‌డీ ఆఖరి రోజుల్లో ఉన్నా ఫార్మాటే. ఎందుకు పోనాది తమ్ముడూ అని అడిగితే, "వైరస్ బావా" అంటాడు, కాదంటే "కరెంటు బావా" అంటాడు, ఈ రెండూ కాదంటే "విండోస్ అంటే అంతే బావా" అంటాడు, ఆ మూడోదానికి నా దగ్గర జవాబు ఉండదు. డబ్బులు తీసుకుని, ఓ లైట్ విండోస్ ఎక్కించి, "16 జీబీ ర్యామ్ ఉండగా పేజ్‌ఫైల్ దేనికి, ఎస్‌ఎస్‌డీ అరిగిపోద్ది" అని అది తీసేసి, తమర్ని పైన కూర్చోబెట్టి, ఓ క్లీనర్ నడిపి పాత డంపులేమైనా ఉంటే అవీ ఊడ్చేసి వెళ్తాడు. అంటే సాక్షిని పంపేసాడు, కాగితం చించేసాడు, రాసే చోటు కూడా అమ్మేసాడు. సీ డ్రైవులో పేజ్‌ఫైల్ లేకపోతే, వేరేగా డంపు ఫైలుకి చోటు కేటాయిస్తే తప్ప, మీ కింది వాళ్ళలో ఎవర్ని ఎంచుకున్నా ఒక్క అక్షరం పడదు, ఆ సంగతి వాడికి తెలుసో లేదో గానీ మీకు మాత్రం బాగా తెలుసు.

మీ వల్ల ఊళ్ళో అందరూ హాయిగా ఉన్నారు. ర్యామ్ అమ్మినోడు దొర, డ్రైవరు రాసినోడు దొర, యూపీఎస్ అమ్మినోడు దొర. ఆమదాలవలస నుంచి ఓ అమ్మాయి ఉద్యోగ పరీక్షకి ఆఖరి రోజున అప్లికేషన్ పెడతంటే, సరిగ్గా డబ్బులు కట్టే పేజీ దగ్గర స్క్రీను పోయింది, డబ్బులు అటు కట్టయ్యాయో లేదో తెలీదు, "ఎందుకు పోయిందన్నా" అని అడిగితే "తెలీదమ్మా" అన్నాను. అదేం అబద్ధం కాదు. తమరి పాలనలో నిజంగానే ఎవరికీ ఏమీ తెలీదు.

ఇంకో ముచ్చట. మెషీను కూలినప్పుడు వచ్చే తెర మీద ఏడుపు మొహం కింద పర్సెంటు అంకె ఎక్కుతా ఉంటాది కదా, చాలామంది దాన్ని రిపేరు జరుగుతోందనుకుంటారు. కాదు నాయనా, అది ఆ వాంగ్మూలం రాసుకుంటున్న లెక్క. మనవాళ్ళకి అది 20 దగ్గర ఆగితే చాలు పవర్ బటన్ నొక్కి పట్టేస్తారు, మాట్లాడుతున్నోడి నోరు మూసేసినట్టే, తర్వాత ఫోల్డరు ఖాళీగా ఉందని మళ్ళీ వాళ్ళే అంటారు. ఆటోమేటికల్లీ రీస్టార్ట్ దగ్గర టిక్కుంటే అయితే ఎందుకు కూలిందో చెప్పే ఆ స్టాప్ కోడు చదువుకునేలోపే మెషీను మళ్ళీ లేచి కూర్చుంటాది, ఏం జరగనట్టు. విండోస్ 11లో అయితే 2025లో ఆ ఏడుపు మొహం తీసేసి, తెర రంగు కూడా నీలం నుంచి నలుపు చేసేసారు, కనీసం ఆ రంగు చూసైనా గుర్తుపట్టేవాళ్ళం.

కరెంటు సంగతి కూడా తేల్చాలి, ఎందుకంటే ఈ జిల్లాలో కరెంటు మీద పెడితే ఎవడైనా నమ్ముతాడు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు పడగొట్టీసి, ఊళ్ళకి ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయిన జ్ఞాపకం ఇంకా పోలేదు. కానీ కరెంటు చటుక్కున పోతే డంపు రాదు, రాసే టైమే ఉండదు. విండోస్ చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్లో కెర్నల్ పవర్ 41 అని ఎర్రగా పడతాది, అది చూపించి మా మెకానిక్ తమ్ముడు "చూసావా, పవర్" అంటాడు. ఆ 41 మెషీను సరిగ్గా ఆఫ్ అవకుండా లేచిన ప్రతిసారీ పడేదే. దాన్ని తెరిచి లోపల బగ్‌చెక్ కోడ్, అంటే ఆ స్టాప్ కోడే, సున్నా ఉందా, ఇంకేదైనా అంకె ఉందా అని చూడాలి. సున్నా అయితే చాలావరకూ కరెంటో, పవర్ సప్లయో, మొత్తం బిగుసుకుపోవడమో. వేరే అంకె ఉంటే లోపల నిజంగానే ఏదో కొట్టుకుంది, డంపు కోసం వెతకాలి. ఇంతే తేడా, ఇది చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు, కానీ చెప్తే ఫార్మాట్ బేరం పోద్ది కదా.

2024 జులై 19న ప్రపంచం మొత్తం మీద దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు ఒక్కసారి కూలిపోయాయి, విమానాలు ఆగిపోయాయి, గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్. ఆ రోజు ఏ డ్రైవరు ఏ చోట చదవకూడని మెమరీ చదివిందో డంపులు విప్పినవాళ్ళే పట్టుకున్నారు, తర్వాత మైక్రోసాఫ్ట్ కూడా ఆ డంపుల్నే విప్పి చూపించింది. అన్ని లక్షల మెషీన్లలోనూ తమరే కూర్చునుంటే ఏటయ్యేది? మా తమ్ముడు ఒక్కో ఎయిర్‌పోర్టుకీ పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్ళేవాడు.

న్యాయంగా మీ తరపు మాట కూడా చెప్పాలి, లేకపోతే ఏకపక్షం అంటారు. చోటు తింటాది అంటారు మీరు. కంప్లీట్ పెడితే నిజమే, ర్యామ్ ఎంతుంటే దాదాపు అంత. స్మాల్ అయితే 256 కేబీ అని ఆ పెట్టెలోనే రాసుంటాది, గుడ్‌మార్నింగ్ ఫోటో ఒకటి అంతకన్నా బరువుంటాది. ఇంక రహస్యాల మాట, దాన్ని మాత్రం నేను తోసెయ్యను. ర్యామ్ మొత్తం దించితే అందులో ఆ క్షణాన తెరిచున్న ఆధార్ కాపీలూ, పాస్‌వర్డులూ కూడా ఉండొచ్చు, నాలాంటి నెట్ సెంటర్లో మరీను, అలాంటి ఫైలు ఊరూ పేరూ తెలీనోడికి పంపకూడదు. 2023 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్టే తన దగ్గర్నుంచి పోయిన ఒక సంతకం తాళం, అంటే లాగిన్‌లకి ముద్ర వేసే డిజిటల్ కీ, క్రాష్ డంపులోంచి బయటికి పోయిందని చెప్పి, 2024 మార్చిలో ఆ తాళం ఉన్న డంపేదీ మాకు దొరకలేదని సరిచేసుకుంది. మీ లాయరుకి పనికొస్తాది, ఉంచుకోండి. కానీ దానికి మందు ఆటోమేటికో స్మాలో పెట్టి ఫైలు జాగ్రత్తగా చూసుకోడం గానీ, తమర్ని పెట్టుకోడం కాదు.

అసలు సంగతికొస్తా. తమర్ని దింపి ఆటోమేటిక్ మెమరీ డంప్ పెట్టాను, సీ డ్రైవుకి పేజ్‌ఫైల్ మళ్ళీ ఇచ్చి సైజు విండోస్‌కే వదిలేసాను, డిస్కు నిండితే డంపులు తీసెయ్యొద్దు అనే టిక్కు కూడా కొట్టాను. మళ్ళీ కూలింది, ఈసారి పర్సెంటు వందకి వచ్చేదాకా ఎవర్నీ బటన్ ముట్టుకోనివ్వలేదు. బ్లూస్క్రీన్‌వ్యూ అని ఫ్రీగా దొరికే చిన్న సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ అని స్టాప్ కోడు, కింద ఓ వైఫై డాంగిల్ డ్రైవరు పేరు. ఒక్కసారికే నమ్మెయ్యలేదండోయ్, ఒక్కోసారి ఊరికే పక్కనున్నోడి పేరు కూడా పడతాది, ముఖ్యంగా ఎన్‌టీఓఎస్ కెర్నల్ అని, అంటే విండోస్ గుండెకాయ పేరే, చూపిస్తే ఎగిరి గంతెయ్యకూడదు. తర్వాత పడిన డంపుల్లోనూ అదే పేరు. డంపులు విప్పే మైక్రోసాఫ్ట్ వాళ్ళ సాధనం విన్‌డీబగ్‌లో ఎనలైజ్ కొట్టినా అదే పేరు. డాంగిల్ పీకి, లాన్ వైరు గుచ్చాను, అంతే, కూలడం మానేసింది.

మా తమ్ముడికి చూపించాను. చాలాసేపు చూసాడు, స్క్రోల్ చేసాడు, "అబ్బో, ఇదంతా రాస్తాదేటి బావా ఇది" అన్నాడు. అని, "అయితే డాంగిల్ తీసేసి ఫార్మాట్ కొట్టీద్దుం" అన్నాడు.

వద్దని పంపేసాను. మొన్న నేను అరసవిల్లి వెళ్ళినప్పుడు షాపులో మా మావయ్య ఉన్నాడు, తమ్ముడు వచ్చి "ఊరికే స్పీడ్ చేసి వెళ్తాను మావా" అన్నాడట, మావయ్య సరే అన్నాడట. వచ్చాక ఎందుకో అనుమానం వచ్చి ఆ పెట్టె తెరిచాను. తమరే. పై సీట్లో, చెక్కుచెదరకుండా. పేజ్‌ఫైలూ లేదు.

ఇదిగో, ఇప్పుడే మళ్ళీ మార్చి ఓకే కొట్టాను, రీస్టార్ట్ చెయ్యమని అడుగుతోంది. ముందు ఈ ఉత్తరం సేవ్ చేసుకోవాలి, ఉంటాను.