మూడు బీప్‌లు కొట్టింది, రాత్రంతా పోయింది

రాత్రి పదకొండున్నర అయింది, ఇంకా డీటీపీ షాపులోనే ఉన్నా. ఒళ్లు మండిపోతోంది, అందుకే రాస్తున్నా.

తొమ్మిది ఫారాల పుస్తకం, ఫారానికి పదహారు చొప్పున 144 పేజీలు. సాయంత్రం పబ్లిషర్ గారి మనిషి పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి "నాలుగు కరెక్షన్లేనమ్మా, పది నిమిషాల పని" అన్నాడు. పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో ఫైలు తెరుచుకుంది. 97వ పేజీకి వెళ్లగానే తెర మీద డబ్బా వచ్చింది: "బ్యాడ్ హోల్ రికార్డ్ ఇండెక్స్". దాని కింద ఒకటే బటన్, ఓకే.

నాలుగు మాటలూ నాకు విడివిడిగా తెలుసు. కలిపితే ఏంటో చెప్పగలిగిన ఆపరేటర్ ఒక్కరు కూడా ఇన్నేళ్లలో నాకు తగల్లేదు. ఫైలు లోపల ఏ ముక్క ఎక్కడుందో రాసుకున్న లెక్క చెడిందని దానర్థం. ఆ ఒక్క ముక్క చెబితే సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ల సొమ్మేం పోయేది? "ఫైలు పాడైంది, ముందు కాపీ తీసుకో" అని ఉంటే కొత్తగా చేరిన పిల్ల కూడా జాగ్రత్తపడుతుంది. ఇలా రాస్తే ఓకే నొక్కి, మళ్లీ అదే ఫైలు మీద సేవ్ కొట్టి, ఉన్నది కూడా పోగొట్టుకుంటుంది. నా కళ్ల ముందే అలా ఎన్ని ఫైళ్లు పోయాయో.

దీనికో చిట్కా ఉంది. కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని టైప్ మెనూలో హైఫనేషన్ నొక్కాలి. ఫైలు మొత్తాన్ని అది తనిఖీ చేస్తుంది. ఒక బీప్ వస్తే అంతా బాగున్నట్టు. రెండు వస్తే తప్పు దొరికింది, సరిచేసింది అని. మూడొస్తే దొరికింది గానీ సరిచేయలేకపోయింది అని. ఆ డబ్బాలో ఈ సంగతి ఎక్కడా ఉండదు. నాకు పని నేర్పిన మాస్టారు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు కాబట్టి తెలిసింది. ఈ రాత్రి మూడు బీప్‌లు కొట్టింది.

పబ్లిషర్ గారికి ఫోన్ చేశా. "నిన్నటిదాకా బాగానే ఉందిగా, మీ సిస్టమ్‌లోనే ఏదో అయ్యుంటుంది" అన్నారు. తీరా ఆరా తీస్తే, వాళ్ల ఆఫీసులో ఫైలు పెన్‌డ్రైవ్ మీదే తెరిచి, అక్కడే దిద్ది, మూయకుండానే పీకేశారట! అయినా తప్పు నాదే. మిషను చెప్పేది మనిషికి అర్థం కాకపోతే, చివరికి నింద పడేది కీబోర్డు ముందు కూర్చున్నవాళ్ల మీదే.

"ఇంకా పేజ్‌మేకర్ ఏంటండీ, ఇన్‌డిజైన్‌కి మారండి" అంటారు. 2001లో 7.0 వచ్చాక పేజ్‌మేకర్‌కి కొత్త వెర్షన్ లేదని నాకూ తెలుసు. పాతికేళ్ల పుస్తకాలు అను ఫాంట్లలో (ఇప్పుడు ఫోన్లలో వాడే యూనికోడ్ కాదు, అంతకుముందు పద్ధతి) కొట్టి ఉన్నాయి, అవన్నీ ఎవరు మారుస్తారు? కొత్త పనులు నేను ఇన్‌డిజైన్‌లోనే చేస్తున్నా. అక్కడ ఇంకా ఘోరం. తప్పు జరిగినా అసలు నోరే విప్పదు.

రెండేళ్ల కిందటి పెళ్లికార్డు నేను చచ్చేదాకా మర్చిపోను. నా ఫైలు శుభ్రంగా వెళ్లింది. ప్రెస్సులో ఆఖరి నిమిషంలో పెళ్లికూతురి నాయనమ్మ పేరు చేర్చమన్నారట, అక్కడి కుర్రాడు కొత్త టెక్స్ట్ బాక్స్ గీసి యూనికోడ్‌లో కొట్టేశాడు. పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ (మన అక్షరాల్ని సరిగ్గా అతికించే సెట్టింగు) పెట్టకపోతే వత్తులు అతకవు, పొల్లులుగా విడిపోతాయి. 2012లో ఇన్‌డిజైన్ సీఎస్6 వెర్షన్ వచ్చినప్పటి నుంచీ ఆ సదుపాయం ఉంది, కానీ మనం వెతికి పెట్టుకోవాలి. తెర కింద మాత్రం పచ్చ చుక్క, పక్కన "నో ఎర్రర్స్". ఆ పచ్చ చుక్కని నమ్మి ఐదొందల కార్డులు కొట్టేశారు. కీర్తిశేషురాలైన ఆవిడ పేరు "లక్‌ష్‌మీకాంతమ్‌మ" అని పడింది. పెళ్లికూతురి తండ్రి కార్డు నా బల్ల మీద పెట్టి, ఆ పేరు మీద వేలు అలాగే ఉంచి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. ప్రెస్సు వాళ్లు నా కూలీలోంచి నాలుగు వేలు కోశారు. నేను కొట్టని అక్షరాలకి!

ఈ పని చేసేవాళ్లు ఇప్పుడే ఒకటి చేయండి. ఏ ఫైలూ తెరవకుండా ఇన్‌డిజైన్ తెరిచి, ఆ కంపోజర్ మార్చి పెట్టుకోండి. ఇక కొత్త ఫైలు ఏది మొదలుపెట్టినా అలాగే వస్తుంది. పేజ్‌మేకర్ వాళ్లు పెన్‌డ్రైవ్ మీద ఫైలు తెరవనే తెరవకండి.

ఇప్పుడు కొత్త ఫైలు తీసి, మెనూలో ప్లేస్ అనే కమాండ్‌కి పాత ఫైలు చూపించి, మ్యాటర్ ఒక్కొక్క స్టోరీగా, అంటే ముక్కముక్కగా, లాగుతున్నా. అక్షరాలైతే వస్తున్నాయి. ఫొటోలు, బాక్సులు, హెడ్డింగులు అన్నీ మళ్లీ పేర్చాలి. 31వ పేజీలో ఉన్నా. ఈ రాత్రి పనికి బిల్లు వేరేగా వేస్తా. ఇవ్వనంటే ఫైలు అచ్చు ప్లేట్లకి వెళ్లదు.